కొడుకులున్న తల్లి ఆరోగ్యం, కూతుళ్లున్న తల్లి ఆరోగ్యం: తేడా ఎక్కడ వస్తుంది

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మీకు ఇద్దరు మగపిల్లలు, మీ అక్కకి ఇద్దరు ఆడపిల్లలు. మగపిల్లల్ని కన్న తల్లులకి ఆయుష్షు తగ్గుతుందని ఎక్కడో చదివారు. ఈ మధ్యే మీకు బీపీ మొదలైంది, రోజంతా అలసట. అటు మీ అక్కేమో 'నీకేమమ్మా, ఇద్దరూ కొడుకులే, నాకు ఇద్దరి పెళ్లిళ్లు చేసేసరికి ప్రాణం పోతుంది' అంటోంది. ఇందులో ఎంత నిజం, ఎవరి ఆరోగ్యానికి ఎక్కువ దెబ్బ అని అడిగారు.

నేను గైనకాలజిస్టుని. మొదట్లో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో చేశాను, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ వైపు క్లినిక్ నడుపుతున్నాను. కాన్పు చేసిన అమ్మాయిలే నలభై దాటాక మళ్లీ నా దగ్గరకి వస్తుంటారు, కాబట్టి ఒక్కో తల్లిని చాలా ఏళ్లు చూసే అవకాశం నాకు దొరికింది.

సూటిగా చెప్తాను. మగబిడ్డని మోయడం వల్ల తల్లి ఒంటికి కాస్త భారం ఎక్కువే, కానీ అది చాలా చిన్న తేడా. మీ ఆయుష్షునో మీ బీపీనో తేల్చేంతది కాదు. ఎన్ని కాన్పులయ్యాయి, ఎంత ఎడంతో అయ్యాయి, బిడ్డ పుట్టినప్పుడు ఇంట్లోవాళ్లు ఎలా చూశారు, పిల్లలు పెరిగేకొద్దీ ఇంటిపని ఎవరి మీద పడింది, తల్లి తన వైద్యం ఎన్నేళ్లు వాయిదా వేసింది, ఇవి తేలుస్తాయి. ఈ చివరివన్నీ కొడుకుంటే ఒకలా, కూతురుంటే ఒకలా నడుస్తాయి మన ఇళ్లల్లో. తేడా వచ్చేది అక్కడ.

ఇక మీరు చదివిన వార్త. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 2002లో సైన్స్ పత్రికలో ఫిన్లాండ్ పరిశోధకులు ఒక వ్యాసం వేశారు. ఉత్తరాన మంచు ప్రాంతంలో ఉండే సామీ తెగవాళ్ల చర్చి రికార్డులు, 1640 నుంచి 1870 దాకా ఉన్నవి, తీసి చూస్తే, ఒక్కో కొడుక్కి తల్లి ఆయుష్షు సగటున 34 వారాలు తగ్గినట్టు కనిపించింది. కూతుళ్ల వల్ల తగ్గలేదు. వాళ్లు చెప్పిన కారణాల్లో రెండు గుర్తుపెట్టుకోండి. ఒకటి, మగబిడ్డని మోయడం ఒంటికి ఖర్చు ఎక్కువ. రెండోది, కూతుళ్లు పెరిగి తల్లికి పనిలో సాయపడతారు. అంటే ఆ వ్యాసంలోనే సగం కారణం కడుపులో కాకుండా ఇంటిపనిలో ఉంది. వార్తల్లోకి వచ్చేసరికి ఆ సగం ఎగిరిపోయి, 'కొడుకులు తల్లి ఆయుష్షు తినేస్తారు' అన్న ముక్క ఒక్కటే మిగిలింది.

అదే ఏడాది వేరే పరిశోధకులు జర్మనీలోని ఒక ప్రాంతం, కెనడాలోని క్యుబెక్, ఈ రెండుచోట్ల పాత రికార్డులు చూస్తే అలాంటి తేడా ఏమీ కనబడలేదు. తర్వాత 2006లో పోలండ్ పల్లెల లెక్కలు వచ్చాయి. అక్కడ కొడుకైనా కూతురైనా ఒక్కో బిడ్డకి తల్లి ఆయుష్షు సగటున 95 వారాలు తగ్గింది. తండ్రి సంగతి చూస్తే కొడుకులతో ఏ మార్పూ లేదు, ఒక్కో కూతురికి మాత్రం 74 వారాలు పెరిగింది! బిడ్డని కనేది, పాలిచ్చేది, రాత్రిళ్లు లేచేది తల్లి, కూతురు పెద్దదై చేసే సేవ తండ్రికి అందుతుంది. ఈ లెక్క చదివినప్పుడు నాకు బాధ కలిగింది, ఎందుకంటే మన దగ్గరా ఇదే చూస్తాను.

ఇవన్నీ పాతకాలపు పల్లె సమాజాల లెక్కలు. యాంటీబయాటిక్స్ లేవు, రక్తం ఎక్కించడం లేదు, ఎనిమిదేసి పదేసి కాన్పులు. రెండు కాన్పులతో ఆపరేషన్ చేయించుకున్న ఉప్పల్ అమ్మాయికి ఆ 34 వారాలు అతికించడం కుదరదు. ఆ భయం మీరు వదిలేయండి.

కడుపులో ఉన్నప్పుడు తేడాలు ఏమిటంటే, మగబిడ్డ సగటున ఓ వంద గ్రాములు ఎక్కువ బరువుతో పుడతాడు. మగబిడ్డని మోస్తున్న తల్లులు దాదాపు పది శాతం ఎక్కువ తింటున్నారని అమెరికాలో బోస్టన్ దగ్గర చేసిన అధ్యయనం 2003లో చెప్పింది. నెలలు నిండకుండా కాన్పు కావడం, గర్భంలో షుగర్ రావడం కూడా మగబిడ్డల విషయంలో కాస్త ఎక్కువ. ఇవి వేలమందిని పక్కపక్కన పెట్టి చూస్తే కనబడే తేడాలు, ఒక్క మనిషిలో పట్టుకోలేం. పొట్ట ఆకారం చూసి, వాంతులు చూసి బిడ్డ ఎవరో చెప్పేవాళ్ల మాటలు మాత్రం అసలు పట్టించుకోకండి.

కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ దగ్గర మాత్రం నేను కాస్త ఆగుతాను, అసలు విషయం ఇక్కడ బయటపడుతుంది కాబట్టి. 2019లో ఇంగ్లండ్‌లోని కెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు మగబిడ్డ పుట్టిన తల్లుల్లో ఈ డిప్రెషన్ అవకాశం డెబ్బై శాతానికి పైగా ఎక్కువని చెప్పారు. చిన్న అధ్యయనమే, మూడొందల మంది తల్లులు కూడా లేరు. మన దేశంలో చూస్తే సరిగ్గా తిరగబడింది. 2002లో గోవాలో 270 మంది తల్లుల్ని చూస్తే, కాన్పైన ఆరు నుంచి ఎనిమిది వారాలకి 23 శాతం మంది డిప్రెషన్‌లో ఉన్నారు. డబ్బు ఇబ్బంది, భర్తతో గొడవలు, దెబ్బలు వీటితోపాటు బిడ్డ ఆడపిల్ల కావడం కూడా అక్కడ ఒక కారణంగా తేలింది. అదే ఏడాది తమిళనాడులో వెల్లూరు దగ్గర పల్లెల్లో చేసిన అధ్యయనం ఇంకొంచెం విప్పి చెప్పింది: కొడుకు కావాలనుకున్నప్పుడు కూతురు పుట్టడం, అత్తగారితో, పుట్టింటివాళ్లతో సఖ్యత లేకపోవడం, చేతికింద సాయం లేకపోవడం. ఆడబిడ్డ వల్లే తల్లికి జబ్బు వస్తే ఇంగ్లండ్‌లోనూ రావాలి కదా? రాలేదు. బిడ్డ రాకను ఇల్లు ఎలా తీసుకుందో దాన్నిబట్టే బాలింత మనసు ఉంటుంది.

ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసిన ఏ నర్సునైనా అడగండి. మగబిడ్డ పుడితే వార్డు బయట స్వీటు డబ్బా తెరుచుకుంటుంది. రెండోసారి ఆడబిడ్డ పుడితే బయట గుంపు పలచబడుతుంది. నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి నాకు ఇంకా గుర్తుంది. రెండో కూతురు. అత్తమ్మ బిడ్డని చూడకుండానే బస్సెక్కింది, భర్త కారిడార్‌లో ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ అమ్మాయి అన్నం ముట్టలేదు, బిడ్డని ఒళ్లోకి తీసుకోలేదు, పాలు పడటం లేదని సిస్టర్లు తిడుతుంటే గోడవైపు తిరిగి పడుకుంది. ఆ అమ్మాయికి ఆ పూట టానిక్ కన్నా పక్కన కూర్చునే మనిషి ఎక్కువ అవసరం. నేను భర్తని పిలిచి బిడ్డ ఆడా మగా అన్నది తేలేది తండ్రి వీర్యకణం నుంచేనని, తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుందని, ఎక్సో వైయో వచ్చేది అతని దగ్గర్నుంచేనని కాగితం మీద గీసి చూపించాను. డిగ్రీ చదివిన మనిషే. పాఠంగా చదివాడు, తన ఇంటికి అన్వయించుకోలేదు. ఈ బొమ్మ ఇప్పటికీ గీస్తూనే ఉన్నాను.

దీన్ని చదివే బాలింతల ఇంటివాళ్లకి ఒక మాట. కాన్పైన మొదటి పది, పదిహేను రోజులు ఊరికే ఏడుపు రావడం చాలామందికి మామూలే, తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా ఏడుపు, నిద్ర పట్టకపోవడం, బిడ్డ మీద మనసు లేకపోవడం, 'నేను లేకపోతే బాగుండు' అనడం కనిపిస్తే అది జబ్బు. దిష్టి తీసి ఊరుకోవద్దు. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. పాలిచ్చే తల్లికి వాడదగిన మందులు ఉన్నాయి. చనిపోవాలని ఉందని అంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలొద్దు.

మీ అక్కలాంటి వాళ్ల సంగతికి వస్తాను. ఆడపిల్లలున్న తల్లికి అసలు శారీరక నష్టం ఆ ఆడపిల్ల వల్ల రాదు, ఆ తర్వాత 'కొడుకు కోసం' మోసే కాన్పుల వల్ల వస్తుంది. 2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధన ఒకటి మన దేశపు కుటుంబ ఆరోగ్య సర్వేలు తీసుకుని, మొదటి బిడ్డ ఆడపిల్ల అయిన తల్లుల్ని, మగపిల్లాడు అయిన తల్లుల్ని పోల్చింది. మొదటి బిడ్డ ఎవరన్నది దాదాపు ఎవరి చేతుల్లోనూ ఉండదు కాబట్టి ఆ పోలిక గట్టిది. మొదట ఆడపిల్ల పుట్టినవాళ్లకి కాన్పులు ఎక్కువ, మధ్య ఎడం తక్కువ, రక్తహీనత ఎక్కువ. ముప్పై దాటాక బతికి ఉండే అవకాశం కూడా వాళ్లకి తక్కువగా కనిపించింది. మన దేశంలో ఆడపిల్లలకి తల్లిపాలు త్వరగా మాన్పించడం వెనక కూడా ఇదే తొందర ఉందని 2011లో వచ్చిన ఇంకో అధ్యయనం చెప్పింది. పాలు మాన్పిస్తే మళ్లీ త్వరగా గర్భం వస్తుందని.

కాన్పుకీ తర్వాతి గర్భానికీ మధ్య కనీసం రెండేళ్లు ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. కారణం చాలా మామూలుది. గర్భంలో బిడ్డ తల్లి ఇనుమును తీసుకుంటుంది, కాన్పులో రక్తం పోతుంది, ఆ నిల్వలు మళ్లీ నిండటానికి నెలలు పడుతుంది. మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే సగం కన్నా ఎక్కువమంది తక్కువ రక్తంతోనే మొదలుపెడుతున్నారు. దాని మీద ఏడాది తిరక్కుండా ఇంకో గర్భం, అందులో స్కానింగ్ చేయించాలని ఒత్తిడి, ఎక్కడో దొంగచాటుగా ఆడపిల్లని చెప్తే అబార్షన్. లింగ నిర్ధారణ 1994 చట్టం ప్రకారం నేరం, చెప్పిన డాక్టరుకీ చేయించినవాళ్లకీ. అయినా అడిగేవాళ్లు ఇప్పటికీ వస్తారు. 'ఊరికే తెలుసుకుందామని మేడం' అంటారు. అలా చేయించుకున్న అబార్షన్ల తర్వాత ఇన్ఫెక్షన్‌తో, ఆగని రక్తస్రావంతో వచ్చిన ఆడవాళ్లని చూసినవాళ్లం మేము. ఆ ముచ్చట మీద నాకు సర్దుబాటు ధోరణి లేదు, ఉండబోదు.

(మంచిమాట కూడా ఒకటి చెప్పాలి. 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లో మగబిడ్డకి 12 వేలు, ఆడబిడ్డకి 13 వేలు ఇచ్చేవాళ్లు. ఆ వెయ్యి రూపాయల తేడాతో మనసులు మారిపోవు గానీ, సర్కారే ఆడబిడ్డకి ఎక్కువ ఇస్తోందన్న మాట వార్డులో వినపడినప్పుడు బాలింతల ముఖాలు చూశాను. అది చిన్నదేం కాదు.)

ఇప్పుడు మీ సంగతి, పెంచే ఏళ్లు. నా ఉద్దేశంలో మీ అలసటకి జవాబు ఇక్కడ దొరుకుతుంది.

కొడుకులున్న ఇంట్లో తల్లి పని తగ్గే రోజంటూ రాదు. చిన్నప్పుడు గోల, దెబ్బలు, పరుగులు, అది ఎలాగూ ఉంటుంది. పదో తరగతికి వచ్చాక ఆ పిల్లాడు తిన్న కంచం సింకులో కూడా వెయ్యడు. ఇంటర్‌కి వచ్చేసరికి పొద్దున అయిదున్నరకి టిఫిను, కోచింగ్‌కి బాక్సు, రాత్రి పదికి వేడన్నం. ఇంజినీరింగ్ అయ్యాక ఉద్యోగం, వర్క్ ఫ్రం హోమ్, మూడుపూటలా అందించేది మళ్లీ అమ్మే. నాగోలు నుంచి ఒకావిడ వచ్చేది, 47 ఏళ్లు, హిమోగ్లోబిన్ 8.6, నెలసరిలో విపరీతంగా బ్లీడింగ్, మోకాళ్ల నొప్పులు. ఏం తింటున్నారమ్మా అని అడిగితే, పిల్లలు, ఆయన తిన్నాక మిగిలింది తింటానంది. పొయ్యి దగ్గర నిలబడి ఇంత పెరుగన్నం. ఇంట్లో ఎవరైనా సాయం చేస్తారా అంటే, 'ఏం చెయ్యమంటరు మేడం, ఇద్దరూ మగపిల్లలే, నాకు సాయానికి ఎవరున్నరు' అంది. ఇద్దరు మనుషులు, ఇరవై రెండేళ్లవాడు, ఇరవై ఏళ్లవాడు, బయట కుర్చీల్లో కూర్చుని ఉన్నారు ఆ సమయంలో! ఆమె దృష్టిలో వాళ్లు సాయం లెక్కలోకే రారు.

వాళ్లిద్దర్నీ లోపలికి పిలిపించాను. అమ్మ రిపోర్టు చూపించాను. 12 ఉండాల్సింది 8.6 ఉంటే గుండె ఎంత ఎక్కువ కొట్టుకోవాలో, మెట్లెక్కితే ఎందుకు ఆయాసపడుతుందో చెప్పాను. ఆ పిల్లలు చెడ్డవాళ్లేం కాదు, పెద్దవాడికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎవరూ ఎప్పుడూ చెప్పలేదంతే. చిన్నవాడు రాత్రి వంట నేర్చుకున్నాడు, కుక్కర్ పెట్టడం, పప్పు, చారు, గుడ్డు కూర వరకు వచ్చింది. పెద్దవాడు బెంగళూరు వెళ్లిపోయాడు, అక్కడ తన వంట తను చేసుకుంటున్నాడట. ఆవిడ ఇప్పటికీ వాళ్లు తిన్నాకే తింటుంది, అది మార్చలేకపోయాను, కానీ కూర్చుని తింటోంది, వేళకి తింటోంది.

2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది, అదీ అసలు ఇంటిపని చేసే మగవాళ్ల సగటు. ఆ మాత్రం చేసేవాళ్లు కూడా మగవాళ్లలో నూటికి 26 మందే. ఆరేళ్లు నిండిన పిల్లల దగ్గర్నుంచి లెక్కలోకి తీసుకున్న సర్వే అది. కొడుకులే ఉన్న ఇంట్లో ఆ పనంతా ఒకే ఒక్క ఆడమనిషి మీద ఎలా పడుతుందో ఊహించండి. మీ ఒంటికి భారమైంది మీ కడుపున పుట్టిన కొడుకులు అనుకోకండి, వాళ్లకి పని చెప్పకూడదని మనం పెట్టుకున్న పద్ధతి.

కూతుళ్ల తల్లికి ఒళ్లు కాస్త తేలికపడుతుంది. పదేళ్ల పిల్ల కూడా ఉల్లిపాయలు తరిగిస్తుంది, తలనొప్పి అంటే వచ్చి నుదురు పడుతుంది (ఆ పదేళ్ల పిల్ల చదువు టైం అందులో పోతుందన్నది వేరే బాధ, దాన్నీ మరవొద్దు). కానీ మనసు? వనస్థలిపురం నుంచి వచ్చే ఒకావిడ కూతురు హైటెక్ సిటీలో షిఫ్టుల్లో పనిచేసేది. రాత్రి ఒంటిగంటకో రెండుకో క్యాబ్ వచ్చి గేటు ముందు ఆగేదాకా ఆవిడ కన్ను మూయదు. పొద్దున అయిదింటికి నీళ్లొస్తాయని లేస్తుంది. నాలుగు గంటల నిద్రతో ఏళ్లు గడిపితే బీపీ, షుగర్ రావడానికి ఇంకేం కావాలి. ఇంట్లో కొడుకు కూడా ఉన్నాడు, అతనూ అదే టైముకి వస్తాడు, వాడి కోసం మేలుకోదు.

ఇక పెళ్లి ఖర్చు. 'గుండెల మీద కుంపటి' అని మనవాళ్లు అనే ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది, కానీ ఆ కుంపటి తల్లి ఆరోగ్యాన్ని కాల్చడం మాత్రం చూశాను. గర్భసంచిలో గడ్డ, ఆరునెలలుగా బ్లీడింగ్, ఆపరేషన్ చెయ్యాలి అంటే 'పాప పెళ్లయ్యాక చూద్దాం మేడం' అంటారు. పిత్తాశయంలో రాళ్లు, అదే మాట. రొమ్ములో గడ్డ చేతికి తగిలినా పెళ్లిచూపులు అయ్యాక వస్తానన్నవాళ్లు ఉన్నారు. తల్లికి జబ్బుందని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని భయం ఒకటి, ఆ లక్ష రూపాయలు పెడితే బంగారం తగ్గుతుందని లెక్క ఒకటి. మీ అక్క 'ప్రాణం పోతుంది' అన్నది ఊరికే అన్న మాటగా తీసుకోకండి. ఆవిడ ఏ పరీక్ష, ఏ ఆపరేషన్ వాయిదా వేస్తోందో అడిగి తెలుసుకోండి. వాయిదా వేసిన వైద్యమే నేను చూసిన కూతుళ్ల తల్లుల్లో అన్నిటికన్నా పెద్ద ఆరోగ్య సమస్య.

ముసలితనం గురించి మీరు అడగలేదు గానీ, కథ అక్కడే తిరుగుతుంది. అమెరికాలో 2014లో ఒక పరిశోధకురాలు లెక్కేస్తే ముసలి తల్లిదండ్రుల సేవకి కూతుళ్లు నెలకి సగటున 12.3 గంటలు, కొడుకులు 5.6 గంటలు ఇస్తున్నారు. అక్కచెల్లెళ్లు ఉంటే కొడుకులు తమ వాటా ఇంకా తగ్గించేసుకుంటున్నారు. మన దగ్గర చేసేది కోడలు, పేరు కొడుకుది. ముగ్గురు కొడుకులుంటే వంతులు వేసుకుంటారు, మూడేసి నెలలకొకరి ఇల్లు. ఆ వంతుల తల్లుల మందుల సంచి చూస్తే గుండె చెరువవుతుంది. అల్వాల్‌లో రాసిన బీపీ బిళ్ల, మియాపూర్‌లో ఇంకో డాక్టర్ రాసిన అదే మందు వేరే పేరుతో, రెండూ కలిపి వేసుకుని కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు వస్తారు. ఎవరింట్లో ఉన్నా డాక్టర్ ఒకరే ఉండేలా, ఫైలు ఆవిడ వెంటే వెళ్లేలా చూడండి, వంతులు తప్పనప్పుడు కనీసం ఇది చెయ్యండి.

కూతుళ్లే ఉన్న తల్లుల కష్టం వేరు. అల్లుడింట్లో ఎలా ఉంటాం అని ఒంటరిగా ఉండిపోతారు. కూతురు రమ్మని ఏడుస్తుంది, వెళ్లరు. షుగర్ పడిపోయి బాత్‌రూంలో పడి, పొద్దున పనిమనిషి వచ్చేదాకా అలాగే ఉన్న పెద్దావిడని చూశాక నేను ఈ విషయంలో మెత్తగా మాట్లాడటం మానేశాను. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో అప్పటికి పెళ్లికాని కూతురికి సమాన వాటా మన ఉమ్మడి రాష్ట్రం 1985 నుంచే ఇచ్చింది, దేశమంతటా కూతుళ్లందరికీ 2005లో వచ్చింది. తల్లిదండ్రుల పోషణ బాధ్యత 2007 చట్టంలో కొడుకుతో సమానంగా కూతురి మీదా ఉంది. చట్టం ఎప్పుడో ఒప్పుకున్న సంగతిని తల్లి మనసు ఒప్పుకోవాలి, అల్లుడు కూడా. పెద్దవాళ్ల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది, అవసరమైతే వాడండి.

ఇంతకీ మీ బీపీ. కొడుకుల లెక్క పక్కనపెట్టి ఈ రెండు ప్రశ్నలకి జవాబు వెతకండి. మీ కాన్పుల్లో బీపీ పెరిగిందా? గర్భంలో షుగర్ వచ్చిందా? బిడ్డ ఆడా మగా అన్నదానికన్నా ఇది మీ మిగతా జీవితానికి ఎన్నో రెట్లు ముఖ్యం. గర్భంలో బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోయినవాళ్లకి తర్వాత గుండెజబ్బు వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకి తర్వాత పూర్తిస్థాయి షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఎన్నో రెట్లు. కాన్పు అయిపోయిందిగా అని ఆ పాత ఫైళ్లు అటకమీద పడేస్తారు. దించి చూడండి, మీ డాక్టరుకి చూపించండి.

ఇంట్లో చేతికి కట్టే బీపీ మిషన్ తెచ్చుకోండి, మణికట్టుది వద్దు. వారం రోజులు పొద్దున, సాయంత్రం చూసుకోండి. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, కాళ్లు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో టేబుల్ మీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు. అరగంట ముందు టీ వద్దు. మొదటిరోజుది వదిలేసి మిగతావాటి సగటు తీయండి, 135/85 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే అది బీపీయే, టెన్షన్ వల్ల వచ్చిందని సర్దిచెప్పుకోకండి. ఏ రోజైనా 180/120 దాటి, దాంతోపాటు ఛాతీలో నొప్పో, ఆయాసమో, చూపు మసకో ఉంటే సగటు లెక్కలు వదిలి ఎమర్జెన్సీకి వెళ్లండి. రక్తం, థైరాయిడ్, షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీ పరీక్షలు ఒకసారి చేయించండి. అలసటకి బీపీ కన్నా రక్తహీనతో థైరాయిడో కారణమయ్యే అవకాశమే ఎక్కువ. ఉప్పు రోజుకి మొత్తం ఒక టీ స్పూను లోపే, అందులోనే ఆవకాయ, అప్పడం, కారప్పొడి కూడా లెక్క. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే గంట ఆగండి, లేకపోతే తిండిలోని ఇనుము ఒంటికి పట్టదు.

మీ అబ్బాయిలు ఎంత వయసువాళ్లో మీరు రాయలేదు. పదేళ్లు దాటితే బట్టలు మడత పెట్టడం, కంచాలు కడగడం, కూరగాయలు తరగడం మొదలుపెట్టించొచ్చు. పదిహేనేళ్లకి ఒకపూట వంట. 'అమ్మకి సాయం' అని చెప్పకండి, సాయం అంటే ఇష్టమైతే చేసేది అవుతుంది, ఇది మీ వాటా పని అని చెప్పండి. మొదట్లో అన్నం మాడుస్తారు, మీ అత్తగారు మొగపిల్లాడి చేత అంట్లు తోమిస్తావా అంటారు. భర్త కూడా ఆ పక్కనే నిలబడి తోమితే ఆ మాట రెండోసారి రాదు. ఆయన్ని ముందు ఒప్పించండి, పిల్లలు చూసి నేర్చుకునేది ఆయన్నే.

పరీక్షలకి మీరు వెళ్లేరోజు మీ అక్కని కూడా వెంట తీసుకెళ్లండి. ఆవిడకి నలభై దాటి ఉంటే బీపీ, షుగర్, రక్తంతో పాటు గర్భసంచి ముఖద్వారం పరీక్ష, రొమ్ము పరీక్ష కూడా చేయించండి, పిల్లల పెళ్లిళ్ల తేదీలతో ముడిపెట్టకుండా. రిపోర్టులు వచ్చాక అంకెలు ఇక్కడ రాస్తే చూసి చెప్తాను, మీ పేరు, ఫోన్ నంబరు మాత్రం చెరిపేసి పెట్టండి.